ఏటి మధ్య మా తమ్ముడి మేళం

మా తమ్ముడి మేళం ఎలా ఉంటుందో, దాన్ని ఎప్పుడూ వినని వాళ్ళకి చెప్పాల్సిన పని నాకు రెండుసార్లు పడింది. మొదటిసారి చెప్పలేకపోయాను. దానివల్ల ఎవరికీ నష్టం లేదు. రెండోసారి మాత్రం నోరు పెగలకపోతే మనుషులు పోయేవాళ్ళు. బడికి వెళ్ళింది కొన్నాళ్ళే అయినా ఇది కాగితం మీద పెడుతున్నది అందుకే.

మొదటిసారి మా మనవరాలి పెళ్ళి మాటలప్పుడు. వాళ్ళది మండపేట, బియ్యం మిల్లు ఉన్నవాళ్ళు. పెళ్ళికొడుకు నాయనమ్మ నా పక్కన కూర్చుని, "బేండు మేళం ఎవరు పెడుతున్నారండీ వదినగారూ ఈ రోజుల్లో? మా కుర్రాళ్ళు డీజే కావాలంటున్నారు" అంది.

"కరెంటు పోతే మూగబోయే దానికి అంత డబ్బు పొయ్యాలాండీ?" అన్నాను.

"జనరేటరు ఉంటుంది కదండీ."

"దానికి మళ్ళీ డీజిలు."

ఆవిడ నవ్వింది. "సర్లెండి. మీ తమ్ముడుగారి మేళంలో అంత గొప్పేంటో చెప్పండి, వింటాను" అంది.

"బావుంటుందండీ" అన్నాను. ఇంకేమీ తోచలేదు. వాడి చిన్నప్పటినుంచీ వింటున్నదాన్ని ఎలా ఉంటుందంటే ఏం చెబుతాం? మన ఇంటి నూతి నీళ్ళ రుచి ఎలా ఉంటుందంటే చెప్పగలమా? ఆ పెళ్ళికి డీజేనే పెట్టారు. ఆ మోతకి వంటశాలలో గంగాళం మీది మూత దానంతటది ఆడుతూ ఉంటే నేనే వెళ్ళి దానిమీద రాయి పెట్టాను.

తర్వాత చాలా రోజులు ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. పప్పు రుబ్బుతున్నా, కొబ్బరి ఈనెలు చీరుతున్నా, ఎలా చెప్పి ఉండాల్సిందా అని ఆలోచించేదాన్ని. అలా ఆలోచిస్తూ ఆలోచిస్తూ మేళాన్ని విడదీసి వినడం అలవాటయింది. అంతకు ముందు అది నాకు ఒకటే శబ్దం. ఆ తర్వాత ఎవరిది వాళ్ళదిగా వినపడడం మొదలైంది.

మా తమ్ముడిది క్లారినెట్టు. మిగతా మేళాల్లో క్లారినెట్టు మొదటి ఊపులోనే పైకి లేస్తుంది, నన్ను చూడండి అన్నట్టు. వీడిది అలా లేవదు. జ్వరంతో పడుకున్న పిల్ల నిద్రలో మూలిగినట్టు ఎక్కడో కిందనుంచి మొదలవుతుంది. వినేవాళ్ళు మాటలు ఆపి, ఏంటది అని తల తిప్పాక అప్పుడు పైకొస్తుంది. పాట ముగించడం కూడా అంతే. మాట్లాడుతున్న మనిషి మధ్యలో లేచి వెళ్ళిపోయినట్టు ఆగుతుంది. ఆ ఆగిన చోట నా ఒళ్ళు ఇప్పటికీ జలదరిస్తుంది.

చిన్న డ్రమ్ములు రెండు. రేకుల షెడ్డు మీద వాన ఇంకా పట్టకముందు పడే పెద్ద చినుకుల్లా ఉంటాయి. వాటి గురించీ తాళాల గురించీ పెద్దగా చెప్పేది లేదు, అవి అన్ని మేళాల్లోనూ ఉంటాయి.

ఎక్కడా ఉండనిది పెద్ద డ్రమ్ము. దాన్ని వాయించే అతనికి చిన్నప్పుడు కాలు విరిగి వంకరగా అతికింది. ఎడమకాలు ఈడ్చి నడుస్తాడు. మెడకి డ్రమ్ము తగిలించుకుని ఊరేగింపులో నడుస్తూ నేర్చుకున్నవాడి చెయ్యి వాడి నడకనే పట్టుకుంటుంది కదా. ఒక దెబ్బ బలంగా పడుతుంది. రెండోది రావలసిన చోటికి రాదు. కాస్త ఆగి, మెత్తగా, ఈడ్చుకుంటూ వస్తుంది. వాన పడిన చేనుగట్టు మీద అడుగు వేసి, జారదని చూసుకుని, అప్పుడు బరువు మోపినట్టు. కూర్చుని వాయించినా అంతే, నిలబడి వాయించినా అంతే. కొత్తవాళ్ళు తప్పు కొడుతున్నాడనుకుంటారు. మా తమ్ముడు క్లారినెట్టు కూడా ఆ ఆలస్యానికి తగ్గట్టే ఊదుతాడు. ఆ ఇద్దరూ అలా ముప్పావు వయసు గడిపేశారు.

ఇది ఆ మండపేట ఆవిడకి చెప్పి ఉంటే బాగుండేదని అనుకునేదాన్ని. చెప్పాల్సింది ఆవిడకి కాదని అప్పుడు తెలియదు.

మాది రాజోలు దగ్గర ఏటిగట్టు పక్క ఊరు. మా రేవుకి ఎదురుగా ఏటి మధ్య లంక ఉంది. అరటి, కొబ్బరి, కాస్త కూరగాయలు, కొన్ని ఇళ్ళు. వరదొచ్చి రేవు మెట్లు మునగడం మొదలైతే ఈ చుట్టుపక్కల ఆడవాళ్ళందరూ పసుపు, కుంకుమ, గాజులు, రవికెగుడ్డ పట్టుకుని నీళ్ళ దగ్గరికి వెళతారు. మేళం పెట్టి గోదారమ్మకి సారె ఇస్తారు. చాలమ్మా, ఇక దిగు తల్లీ అని దణ్ణం పెడతారు. ఏ రేవు వాళ్ళ మేళం ఆ రేవుది. అందుకని పెద్ద వరదప్పుడు ఏటికి అటూ ఇటూ పొద్దుణ్ణించి ఎక్కడో ఒకచోట బాజా మోగుతూనే ఉంటుంది. ఆ శబ్దం వినగానే ఎవరి పనిలో వాళ్ళుండి చేతులు జోడిస్తారు. అది మాకు పుట్టుకతో వచ్చిన అలవాటు.

ఆ ఏడు శ్రావణంలో నీళ్ళు ఎర్రగా, చిక్కగా దిగాయి. ధవళేశ్వరంలో గేట్లన్నీ ఎత్తేశారని టీవీలో చెబుతున్నారు. గెలలతో సహా అరటిచెట్లు, పూరింటి కప్పులు, ఎవరివో మంచం కోళ్ళు కొట్టుకుపోతున్నాయి. మామూలుగా గోదావరి చప్పుడు చేస్తుంది. ఆ రోజు చెయ్యలేదు. అంత నీరు చప్పుడు లేకుండా పోతూ ఉంటే చూడబుద్ధి కాలేదు.

లంకవాళ్ళు మా తమ్ముణ్ణి పిలిచారు. పొద్దున్నే మా ఇంటికి వచ్చి గుమ్మంలో నిలబడి టీ తాగుతున్నాడు.

"నీళ్ళు చూసేవా?" అన్నాను.

"నీళ్ళు చూసే కదక్కా నన్ను పిలిచేరు."

"నీ క్లారినెట్టు విని గోదారి వెనక్కి పోతుందా?"

"ఏమో, పోయినా పోవచ్చు. ఓసారి నా బాజా విని మీ మరదలే పుట్టింటికి పోయింది."

నేను నవ్వలేదు. "వెళ్ళకురా" అన్నాను.

"మాట ఇచ్చేసేనక్కా. సారె ఇచ్చేసి మధ్యాన్నానికి వచ్చేస్తాం" అని గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు. ఇంజను పడవ వాళ్ళని లంకలో దింపి వచ్చింది.

కాసేపటికి అవతల మేళం మొదలైంది. నీళ్ళమీదుగా క్లారినెట్టు వచ్చింది, అదే మూలుగు. నేను బియ్యం ఏరుతూ విన్నాను. సారె ఇచ్చేటప్పుడు వాయించేది పూర్తిగా వాయించాడు. లేచి వెళ్ళిపోయినట్టు ఆగింది. అయిపోయింది, ఇక వస్తారనుకున్నాను.

రాలేదు. వాన పట్టింది. రేవులో మెట్లు కనపడడం మానేశాయి. లంకకి తిరిగే ఇంజను పడవ మా రేవుకి రాలేదు. లంకవాళ్ళని పిల్లాపాపలతో ఎక్కించుకుని బయల్దేరిందట. నీళ్ళు ఈడ్చుకుపోతే దిగువన ఎక్కడో గట్టుకి తగిలిందట. మళ్ళీ ఎదురెక్కి వచ్చే ఓపిక దానికి లేకపోయిందట. ముందు పిల్లల్ని పంపండి, మేం తర్వాత వస్తాం అని మేళం వాళ్ళు ఆగిపోయారట. ఇవన్నీ తర్వాత తెలిసిన సంగతులు. ఆ మధ్యాహ్నం మా గట్టు మీద ఎవరికీ ఏమీ తెలియదు. తమ్ముడి ఫోను మోగలేదు.

పొద్దు వాలుతూ ఉండగా అవతలనుంచి డ్రమ్ము వినపడింది.

గట్టు మీద ఉన్నవాళ్ళందరూ చేతులు జోడించారు. ఒకావిడ కుంకుమ తెచ్చి మా వైపునుంచి కూడా నీళ్ళలో చల్లింది. "లంకలో మళ్ళీ పూజ పెట్టేరు, అమ్మ దిగుతుంది" అనుకున్నారు. నేను చేతులు జోడించలేదు. నిలబడి విన్నాను. బలంగా ఒకటి, ఈడ్చుకుంటూ ఒకటి. మాదే. అయితే చిన్న డ్రమ్ములు లేవు. క్లారినెట్టు లేదు. ఉత్త పెద్ద డ్రమ్ము, కాసేపు కొట్టడం, ఆగడం. మళ్ళీ కొట్టడం, ఆగడం.

మా వీధిలో కొబ్బరికాయల వర్తకుడు ఉన్నాడు, పక్కనే గొడుగేసుకుని నిలబడ్డాడు. "అది పూజ కాదు" అని అతనితో అన్నాను.

"అదేంటి పిన్నిగారూ, బాజా వినపడుతోంది కదండీ."

"క్లారినెట్టు లేకుండా మా వాడు గోదారమ్మకి వాయించడు."

"అలిసిపోయుంటారండీ. పొద్దుణ్ణించి ఊదుతున్నారు కదా, ఆయనకీ వయసయింది."

"వాడు అలిసిపోతే మేళం ఆగుతుంది. డ్రమ్ము ఒక్కటే మోగదు."

"మీకు ఆ మేళమంటే పిచ్చండీ" అని నవ్వి, వెంటనే మళ్ళీ నా మొహం చూసి నవ్వు ఆపేశాడు.

క్లారినెట్టు లేదంటే ఊదేవాడు లేడు. గట్టు మీద వాళ్ళకి నేను నచ్చజెబుతున్నకొద్దీ ఆ మాట నాకే గట్టిగా వినపడుతోంది. అది పూజ కాదన్నది నిజమైతే, నా తమ్ముడికి ఏదో అయిందన్నది కూడా నిజమే.

పల్లపు ఇళ్ళవాళ్ళని తరలించడానికి సర్కారు వాళ్ళు పంపిన రబ్బరు పడవ అప్పటికి మా గట్టుకి వచ్చింది. అందులో కుర్రాళ్ళది మా ప్రాంతం కాదు. వాళ్ళ నాయకుడిది కడప వైపు మాట. నేను వెళ్ళి పడవ తాడు పట్టుకున్నాను.

"బాబూ, లంకలో మనుషులు ఉండిపోయేరు. ఆ డ్రమ్ము వాళ్ళదే."

అతను చెవి పెట్టి విన్నాడు. "అవ్వా, ఆ పక్కా ఈ పక్కా అన్నీ మోగుతానే ఉండాయి గదా. పొద్దున్నుంచి చూస్తాండాం, అందరూ పూజలే. ఏది మీది? ఇంజన్ శబ్దంలో మాకెట్ల తెలుస్తాది?"

నిజమే. పై రేవులో ఒకటి, కింద రేవులో ఒకటి, అవతలి గట్టున ఇంకొకటి మోగుతున్నాయి. నీళ్ళమీద శబ్దం ఎటునుంచి వస్తుందో తెలియదు. అందులోనూ ఆ లంకలో అరటితోటలు అడ్డం.

"ఇంజను ఆపుకుని వినండి బాబూ. మిగతావి అడుగులు సమానంగా వేసే మనిషిలా ఉంటాయి. మాది కుంటుతుంది" అన్నాను.

"కుంటుతాదా?"

"ఆయ్. ఒకటి గట్టిగా దిగుతుంది. రెండోది వస్తుందనుకున్న చోట రాదు. అప్పుడు తొందరపడకండి. అక్కడ ఆగితే, కాలు ఈడ్చుకుంటూ మెత్తగా వస్తుంది" అని పడవ అంచు మీద అరచేత్తో కొట్టి చూపించాను. ఒకటి, ఆగి, ఇంకొకటి. రబ్బరు మీద చప్పుడు సరిగ్గా రాలేదు. వర్తకుడు తన గొడుగు మూసి, దాని పిడి నా చేతికి ఇచ్చాడు. గట్టు మీద తలకిందులుగా పడి ఉన్న పాత డబ్బా ఒకటుంటే దానిమీద కొట్టాను.

కడప అతను తన కాలితో అదే వేసి చూసుకున్నాడు. మొదట తప్పాడు. రెండోది ముందుగా వచ్చేసింది.

"తొందరపడ్డారు" అన్నాను.

మళ్ళీ వేశాడు. కుదిరింది. పక్కనున్నవాళ్ళ చేత కూడా వేయించాడు. "ఇంకేమన్నా మోగుతాదా అవ్వా, దాంతోపాటు?" అని అడిగాడు.

"క్లారినెట్టు మోగాలి" అన్నాను. "మోగడం లేదు."

వాళ్ళు పడవ తిప్పుకుని వెళ్ళిపోయారు.

కాస్త దూరం వెళ్ళి ఇంజను ఆపుతున్నారు. మళ్ళీ వేస్తున్నారు. ఆపినప్పుడల్లా పడవ వాలుకి కొట్టుకుపోతోంది. కింద రేవు మేళం వైపు ఒకసారి తిరిగింది. ఇంజను ఆపి, విని, మళ్ళీ లంక వైపు తిప్పారు. తర్వాత అరటితోట పక్కన కనపడకుండా పోయింది.

డ్రమ్ము మోగుతూనే ఉంది. కొట్టడం, ఆగడం. కొట్టడం, ఆగడం. నేను దాన్నే పట్టుకుని నిలబడ్డాను.

ఉన్నట్టుండి అది ఆగిపోయింది. మళ్ళీ మొదలుకాలేదు.

"హమ్మయ్య, ఎక్కించేసుకున్నారు" అన్నాడు వర్తకుడు. అందరూ అదే అనుకున్నారు. ఒకరిద్దరు ఇళ్ళకి బయల్దేరారు కూడా. నేను కదల్లేదు. చప్పుడు లేని ఆ నీళ్ళని చూస్తూ నిలబడ్డాను.

పడవ వచ్చింది. చిన్న డ్రమ్ముల వాళ్ళు, తాళాల అతను, ఇల్లు వదలక లంకలో ఉండిపోయిన ముసలి దంపతులు దిగారు. అందరికంటే వెనక పెద్ద డ్రమ్ము ఒళ్ళో పెట్టుకుని కుంటి అతను. వదిలెయ్యమన్నా వదల్లేదట. చంకలో తమ్ముడి క్లారినెట్టు పెట్టె ఉంది. తమ్ముడు లేడు.

"అక్కగారూ" అని నా కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "ఉన్నాడండీ. చెట్టు మీద ఉన్నాడు."

వాళ్ళు మోటారు షెడ్డు శ్లాబు మీదికి ఎక్కారట. కింద కట్టిన నాటుపడవ తాడు తెగితే దాన్ని పట్టుకోవడానికి మా తమ్ముడు దూకాడట. పడవా పోయింది, వాణ్ణీ నీళ్ళు ఈడ్చుకుపోయాయి. లంక చివర సుడి పక్కన మామిడిచెట్టు దొరికితే పట్టుకున్నాడు. మధ్యలో అరటితోట, ఒకరికొకరు కనపడరు. ఇతను డ్రమ్ము కొట్టి ఆపితే, ఆ ఆగిన వ్యవధిలో తమ్ముడు కేక వేసేవాడట. కేక వినపడితే ఇతను మళ్ళీ కొట్టేవాడు. అలా పడవ వచ్చేదాకా.

"పడవ నిండిపోయింది అవ్వా" అన్నాడు కడప అతను. "ఇంతమందిని పెట్టుకోని ఆ సుడిలోకి పోతే అందరం పోతాం. వీళ్ళని దించి పోదామని వచ్చినాం."

ఆ మాటలో తప్పులేదు. నేను డ్రమ్ము అతని వైపు తిరిగాను.

"మీరు పడవ ఎక్కినట్టు వాడికి తెలుసా?"

అతను డ్రమ్ము వైపు చూశాడు.

"డ్రమ్ము ఎందుకు ఆపేవు?"

"ఎక్కమన్నారండీ. ఎక్కేను. తాడు పట్టుకోమన్నారు, పట్టుకున్నాను" అన్నాడు. అనగానే అతనికి తెలిసింది. మొహం పాలిపోవడం ఆ మసక వెలుతుర్లో కూడా కనపడింది. అప్పటిదాకా మోగుతున్నది ఆగింది. చెట్టు మీద ఉన్నవాడు దాన్ని ఎలా అర్థం చేసుకుంటాడు? నేను గట్టు మీద నిలబడి ఎలా అర్థం చేసుకున్నానో అలాగే.

"లే" అన్నాను. "పడవలో కూర్చుని కొట్టు. ఇక్కణ్ణించే మొదలుపెట్టు."

అతనికి మంచినీళ్ళు ఇవ్వబోయిన వాళ్ళని నేను ఆపాను. తర్వాత తాగొచ్చు. కడప అతను ఒక్క మాట అడ్డం చెప్పలేదు. అతన్ని డ్రమ్ముతో సహా పట్టి ఎక్కించుకున్నారు.

గట్టు దగ్గరే మొదటి దెబ్బ పడింది. రెండోది ఈడ్చుకుంటూ వచ్చింది. ఈసారి దానికి మా వాళ్ళెవరూ చేతులు జోడించలేదు. ఆ కుంటి నడక నీళ్ళ మీద దూరమవుతూ వెళ్ళింది. అరటితోట వెనక్కి వెళ్ళాక సగం వినపడింది, సగం గాలిలో పోయింది. వర్తకుడు తన గొడుగు నా మీద పట్టి, "కూర్చోండి పిన్నిగారూ" అన్నాడు. కూర్చోలేదు.

కాసేపటికి డ్రమ్ము మళ్ళీ ఆగింది.

ఇంతకు ముందు ఆగినప్పుడు మనుషుల్ని ఎక్కించుకున్నారు. ఇప్పుడు ఎందుకు ఆగిందో ఎవరికి తెలుసు? పడవ తిరగబడినా ఆగుతుంది. ఈసారి గట్టు మీద ఎవరూ హమ్మయ్య అనలేదు. పై రేవులో, కింద రేవులో పూజలు మోగుతూనే ఉన్నాయి. వాటిని ఆపి రమ్మని ఎవరినైనా పంపాలనిపించింది.

ఇంజను చప్పుడు వచ్చాక దీపం కనపడింది. పడవ అడుగున తడిసిన బట్టలా పడి ఉన్నాడు మా తమ్ముడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. మోసుకొచ్చి గట్టు మీద పడుకోబెడితే, వాడి చంకల కింద చుట్టి ఉన్న తువ్వాలు తీసి ఒళ్ళు తుడుద్దామని చూశాను. రెండు ముళ్ళు వేసి కొమ్మకి కట్టుకుంటే, పడవ వాళ్ళు గుడ్డ కోసి దింపారట. ఒకటి విప్పి ఉంది. రెండోదాని నిండా పంటి గాట్లు.

"ఇదేంట్రా?" అన్నాను.

"డ్రమ్ము ఆగిపోయింది కదక్కా" అన్నాడు. గొంతు లేదు, గాలే వచ్చింది. "శ్లాబు మునిగింది, అందరూ పోయేరనుకున్నాను. నేను కేకేస్తే జవాబు లేదు. ఎన్నిసార్లు కేకేసినా లేదు. ఇంక ముడి విప్పేసుకుందామని."

"విప్పి?"

"తడిసిపోయి రాలేదక్కా. వేళ్ళతో ఒకటి ఊడింది. రెండోది పళ్ళతో లాగుతున్నాను. అప్పుడు మళ్ళీ వినపడింది" అన్నాడు.

డ్రమ్ము అతను పక్కనే నిలబడి ఉన్నాడు. తలమీద గుడ్డ కప్పుకుని అటు వైపు తిరిగిపోయాడు.

తువ్వాలు నేను ఉతకలేదు. చిరిగిన గుడ్డలు కూడా మసిగుడ్డలుగా వాడేదాన్ని, దాన్ని మాత్రం పొయ్యిలో పెట్టేశాను.

మర్నాడు వాన తెరిపిచ్చింది కానీ నీళ్ళు తగ్గలేదు. గట్టు అంచుకి ఇంకా దగ్గరికి వచ్చాయి. తమ్ముడు మా అరుగు మీద కూర్చుని క్లారినెట్టు ముక్కలుగా విప్పి తడి తుడుస్తున్నాడు. పై లంకనుంచి ఒకాయన తడిసిన పంచెతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"గోదారి ఎక్కువవుతోందండీ. మా రేవులో సారె ఇవ్వాలండీ. మేళం పంపుతారేమోనని" అన్నాడు.

తమ్ముడు తుడవడం ఆపలేదు. నా మొహం మాత్రం చూశాడు. నేను ఆ వచ్చినాయన భుజం మీదుగా, చప్పుడు లేకుండా పోతున్న నీళ్ళని చూశాను. నిన్నటి "వెళ్ళకురా" మళ్ళీ అనాలో వద్దో నాకు తేలలేదు. ఆయన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.